మిల్ట్రీ రాయి స్టేజి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే పల్లెవెలుగు బస్సులో పర్శరాములు కండక్టరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని డిపోలో అందరూ అనేవారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది గానీ అందులో తప్పేమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఏ ఊళ్లో ఎవరి బర్రె ఈనింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ ఆయనకు బస్సులోనే తెలిసేవి. ఒక స్టేజీలో ఎక్కిన కబురును రెండు స్టేజీల అవతల దింపడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాడు. "నా లైన్ల నాకు ఎరుక లేని మనిషి లేడు" అని డ్రైవర్ లింబాద్రితో రోజుకొకసారైనా అనేవాడు. లింబాద్రి గేరు మార్చి ఊరుకునేవాడు.

లింగంపేట దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన నడుమెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. దాని మీద అక్షరం ముక్క లేదు. ఎప్పుడో పూసిన సున్నం, దాని మీద ఎర్రబొట్లు, అంతే. అక్కడి నుంచి మట్టిబాట రూప్లా తండాకు పోతుంది. ఆ చోటును అందరూ మిల్ట్రీ రాయి అంటారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పర్శరాములు "మిల్ట్రీ రాయి దిగేటోళ్లు ముందటికి రాండ్రి" అని అరుస్తూనే ఉన్నాడు. అది ఎవరి రాయి అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

రెండు వేల పదిలో, నాట్లు పడే రోజుల్లో, లింగంపేట దవాఖానకు కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సమ్మ ఒకామె ఎల్లారెడ్డి పోతూ ఆ కేక విని, "ఎవరా మిల్ట్రీ?" అని అడిగింది. "ఎవలో ఉండెనట" అన్నాడు పర్శరాములు. "మీ లైన్లో మీకు తెలియని మనిషి లేడన్నారే ఇందాక" అని ఆమె నవ్వింది. ఆమె మామూలుగానే నవ్వింది గానీ పర్శరాములుకు మాత్రం నలుగురిలో పరువు పోయినట్టయింది. లింబాద్రి అద్దంలోంచి చూసి మీసం సవరించుకోవడం మరింత మండించింది.

మర్నాటి నుంచి ఆయన వెతుకులాట మొదలైంది. దానికాయన పద్ధతి ఆయనది. తండా మనుషులు బస్సెక్కితే టికెట్ కొడుతూ ఒక ప్రశ్న వేసేవాడు. స్టేజి వచ్చేలోపల ఎంత జవాబు వస్తే అంత. మిగతాది ఇంకో ట్రిప్పులో ఇంకొకరి దగ్గర. ఇట్లా ముక్క ముక్కగా ఒక మనిషి తయారవసాగాడు.

పేరు లక్పతి. రూప్లా తండా వాడే. చిన్నప్పుడు సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని లింగంపేటలో అమ్మేవాడు. అప్పట్లో ఈ బాటన రోజుకొకే బస్సు నడిచేది. ఆ బస్సుతో పందెం వేసి పరిగెత్తేవాడని ఒకరు, పందెమూ లేదు పాడూ లేదు, టికెట్టుకు పైసలు లేక పరిగెత్తేవాడని మరొకరు చెప్పారు. ఆ పరుగే పటాలంలో చేర్చిందన్న సంగతిలో మాత్రం అందరిదీ ఒకే మాట. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు టార్చిలైటు తెచ్చాడు. తండాలో అదే మొదటిది. చీకటి పడగానే గుడిసె గుడిసెకూ తిరిగి ముసలివాళ్ల ముఖాల మీద వెలుగు వేసి నవ్వేవాడట. ఆ వెలుగుకు తిట్లు తిన్నవాళ్లూ, ఇంకోసారి వెయ్యమని అడిగినవాళ్లూ కూడా ఉన్నారు.

బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాడు. శవం రాలేదు. అక్కడే ఎక్కడో సరిహద్దులో దహనం చేశారు. ఆ తరువాత అతని సామాను ఉన్న నల్ల ఇనప పెట్టె ఒకటి వచ్చింది. తండ్రి దాని తాళం కూడా తీయకుండా, కొడుకు ఆఖరిసారి బస్సెక్కిన చోటనే గొయ్యి తవ్వించి పెట్టెను పూడ్చి, పైన రాయి పాతాడు.

ఆ పూడ్చడం దగ్గరే పర్శరాములు బుర్ర చురుగ్గా పనిచేసింది. లంబాడీల్లో పెళ్లయినవాడు పోతే కాలుస్తారు, పెళ్లి కానివాడు పోతే పూడుస్తారు. ఇన్నేళ్లు ఈ లైన్లో తిరిగినవాడికి ఆ మాత్రం తెలియదా. పెట్టెను పూడ్చారంటే లక్పతికి పెళ్లి కాలేదన్నమాట. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, తనంతట తానే పట్టుకున్నాడు. అందుకే మిగతా అన్నిటికన్నా దీని మీదే మోజెక్కువ. ఇక ఆ రాయి దగ్గర బస్సు ఆగినప్పుడల్లా, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, "పాపం, పెండ్లి గాని పిలగాడు" అని మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు వానాకాలం కోతలయ్యాక, ఏటా ఎక్కే ముసలామె ఎల్లారెడ్డిలో బస్సెక్కింది. పేరు తుల్సి. నాగిరెడ్డిపేట దిక్కున ఏదో తండా. ఏడాదికొకసారి, సరిగ్గా ఆ చలికాలంలోనే, మూత పెట్టిన గిన్నెతో వచ్చి మిల్ట్రీ రాయి దగ్గర దిగేది. బస్సు కామారెడ్డి పోయి తిరిగొచ్చేవరకు అక్కడే కూర్చుని, మళ్లీ అదే బస్సెక్కి పోయేది. అడిగితే మొక్కు అనేది. మోచేతుల పైదాకా తెల్ల గాజులు, అద్దాల రవిక, ముందు సీటులో దర్జాగా కూర్చునేది. "పాయసం ఒలికిందంటే నీతోనే తుడిపిస్త అవ్వా" అని ఏటా పర్శరాములు బెదిరించేవాడు. "తుడుస్త తియ్" అని ఆమె ఏటా జవాబిచ్చేది.

"నువ్వు మొక్కే రాయి ఎవలదో ఎరుకేనా అవ్వా?" అన్నాడు ఆ రోజు, ఆమె పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి. తెలిసిందంతా చెప్పాడు. సీతాఫలాలు, పరుగు, టార్చిలైటు, పెట్టె. ఆమె గిన్నెను ఒళ్లో పట్టుకుని వింటూ ఉంది. టార్చిలైటు దగ్గర ఒకసారి తలెత్తి చూసింది. పర్శరాములు తన ఆఖరి ముక్క కూడా బయటపెట్టాడు.

"పెండ్లే కాలే పాపం. ఆడిపిల్ల చెయ్యి పట్టకుంటనే పోయిండు. ఏం సుఖపడ్డట్టు?"

"నీకు ఎవలు చెప్పిండ్రు కొడుకా?"

"చెప్పుడేంది అవ్వా, నేనే తెలుసుకున్న."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి కూర్చుంది. ముసలామెకు నిద్ర వస్తుందేమో అనుకున్నాడు పర్శరాములు.

మరుసటి ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ డిపోలో నిలిచిపోయాయి. పర్శరాములు కొన్నాళ్లు దీక్షా శిబిరంలో కూర్చున్నాడు, పాటలు విన్నాడు, తానూ ఒకటి పాడి వద్దనిపించుకున్నాడు. మాట్లాడేందుకు ప్రయాణికులు లేక ఆయనకు ఏమీ తోచలేదు. ఒకరోజు బామ్మర్ది బండి తీసుకుని లింగంపేట పోయాడు. అక్కడ చర్చి వెనక అబ్రాహాము అనే ఆయన ఉంటాడనీ, లక్పతితో పాటు పటాలంలో పనిచేశాడనీ ఒక ప్రయాణికుడు చెప్పి చాలా రోజులైంది.

అబ్రాహాము జామచెట్ల కింద మంచం వేసి కూర్చోబెట్టాడు. లక్పతి పేరు వినగానే ఆయన ముఖం వెలిగింది. చాలాకాలంగా ఆయనను ఈ సంగతి అడిగినవాళ్లు లేరు.

"ఇద్దరం ఒక్కదినమే భర్తీ అయినం తమ్మి. మాకు హిందీ రాకపోయేది. నాకన్న ముందుగాల్ల వాడే నేర్సుకున్నడు, వాళ్ల లంబాడీ భాష దానికి జర దగ్గరుంటది గద. ఆఖరుసారి ఛుట్టీకి పోయి వచ్చినంక మనిషే మారిండు. ఒక సంచి తెచ్చుకున్నడు, అద్దాలు, గవ్వలు కుట్టింది. దాంట్ల వక్కలు పెట్టుకునేటోడు. నా పెండ్లాం కుట్టింది, నా పెండ్లాం కుట్టింది అని బారక్ అంత చూపెట్టిండు. పంజాబోళ్లకు సుత చూపెట్టిండు."

"పెండ్లామా?" అన్నాడు పర్శరాములు.

"ఆఁ. లడాయిల ముందటికి పోయేటప్పుడు ఖరాబైతదని ఆ సంచి పెట్టెల పెట్టి తాళం ఏసిండు. మస్తు సంబురంగ ఉండె. గంత సంబురంగ ఉన్న మనిషిని నేను మల్ల చూడలే."

"వానికి పెండ్లి కాలేదన్న. పెట్టెను పూడ్సిండ్రు గద."

"తండా సంగతి నాకేమెరుక? వాడు పెండ్లాం అన్నడు, నేనిన్న."

పర్శరాములుకు కాలు నిలవలేదు. తన లెక్క తప్పిందన్న బాధ కన్నా కొత్త కబురు దొరికిన సంబరమే ఎక్కువైంది. అదే ఊపులో బండిని రూప్లా తండాకు తిప్పాడు. లక్పతి తమ్ముడు భీమ్‌సింగ్ ఇంటి ముందు మక్కజొన్నలు ఆరబెడుతున్నాడు. బండి ఆపీ ఆపకముందే, "భీమ్‌సింగన్నా, మీ అన్నకు పెండ్లి అయిందట గద" అని అరిచాడు.

భీమ్‌సింగ్ చేతిలోని పార కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. బీడీలు చుడుతున్న కోడలిని ఏదో పని చెప్పి లోపలికి పంపాడు. పర్శరాములు చెయ్యి పట్టుకుని గొడ్ల కొట్టం వెనక్కి తీసుకుపోయాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

అబ్రాహాము మాట చెప్పాడు పర్శరాములు, ఈసారి మెల్లగా.

భీమ్‌సింగ్ గడ్డిపరక ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "అయింది" అన్నాడు. "ఆ ఎండాకాలంలనే అయింది. నేను పెండ్లిల ఆడిన. మా అన్న తెల్ల రుమాల్ కట్టుకున్నడు. ఆమె వచ్చి కొన్ని దినాలే ఉన్నది, మా అన్న ఛుట్టీ అయిపోయింది. రోజు పొద్దుగూకినంక ఆ టార్చిలైట్ పట్టుకొని ఇద్దరు చెల్క దాకా పోయి వచ్చేటోళ్లు. మా అవ్వ నవ్వేది."

"మరి పూడ్సుడెందుకు?"

"కాలిస్తే ఏమైతది? ఆమె ముండమోసినట్టు. మా దాంట్ల అన్న పోతే వదినెకు మరిదే దిక్కు. నేనే మరిదిని. గొడ్లు కాసే పోరగాన్ని. నాకు మీసాలొచ్చేదాక ఆమె మా ఇంట్ల కూసోవాలె. మా బాపు ఒక రాత్రంత ఆలోచన చేసిండు. తెల్లారి పెద్దమనుషుల ముందట, నా కొడుకుకు పెండ్లి కాలే, పూడుస్తున్న అన్నడు. పెండ్లి అన్నం తిన్నోళ్లే అందరు. ఒక్కలు మాట అనలే. ఓలి కింద ఇచ్చిన ఎడ్లను సుత మల్ల అడగలే. ఆమెను ఆమె తండ్రి ఇంటికి తోలిచ్చిండు, గాజులు తీయకుంట."

"మీ అవ్వ?"

"మా అవ్వ ఒప్పుకోలే. కోడలు సుత పోతే నా కొడుకు రెండుసార్లు పోయినట్టు అని ఏడ్సింది. సచ్చేదాక మా బాపుతోని సరిగ మాట్లాడలే." భీమ్‌సింగ్ గొంతు తగ్గించాడు. "ఆమెకు మల్ల పెండ్లైంది. కొడుకులు, మనవలున్నరు. వాళ్లకు ఎరుక లేదు. నువ్వు బస్సుల చెప్తే వాళ్ల తండాకు చేరుడెంతసేపు? నీకు దండం పెడ్త అన్నా, గీ ఒక్కటి కడుపుల దాసుకో."

పర్శరాములు మాటిచ్చాడు. ఆమె ఎవరని అడగలేదు. అడగాలన్న ఆత్రం ఉన్నా, జీవితంలో మొదటిసారి దాన్ని నొక్కిపెట్టాడు. కానీ తిరిగి పోతూ రోడ్డెక్కేచోట రాయి కనిపించగానే, పాయసం గిన్నె, కిటికీ వైపు తిరిగిన ముఖం, ఖాళీగా ఉన్న ముందు సీటు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బండి ఆపి కాళ్లు నేల మీద ఆనించి అట్లాగే కూర్చుండిపోయాడు. ఆడపిల్ల చెయ్యి పట్టకుండానే పోయాడని, ఆ చెయ్యి పట్టుకున్న మనిషికే చెప్పాడు. సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఆమె దిగిన రోజున ఆ రాయి దగ్గర తండా మనిషి ఒక్కడూ ఎందుకు కనిపించడో. తండా తండా అంతా ఆ పూటకు దారి మార్చుకుని నడుస్తోంది, ఆమెను ఎవరూ చూడలేదని అనిపించడానికి.

ఆ చలికాలం తుల్సి మళ్లీ ఎక్కింది. పర్శరాములు ముందు సీటులో ఉన్నవాణ్ని లేపి ఆమెను కూర్చోబెట్టాడు. పాయసం మాట ఎత్తలేదు. రాయి వచ్చినప్పుడు బస్సులో ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

"ఏంది కొడుకా, ఇయ్యాల నోరు లేస్తలేదు?"

"పన్ను నొస్తుంది అవ్వా."

ఆమె ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. "నొస్తది" అని దిగిపోయింది. ఆ తరువాతి ఏడు వచ్చినప్పుడు ఆమె మోచేతుల పైన తెల్ల గాజులు లేవు. రెండో భర్త దేవీసింగ్ పోయాడని ఎల్లారెడ్డి బస్టాండులో తెలిసింది. పర్శరాములు అడగలేదు, ఆమె చెప్పలేదు. గిన్నె మాత్రం తెచ్చింది.

రెండు వేల పదమూడు ఎండాకాలంలో రోడ్డు వెడల్పు పని లింగంపేట దాటింది. రాయి జరపక తప్పదన్నారు. అవతలి పక్క చిన్న గద్దె కట్టి రాతిని దాని మీద నిలబెట్టాలని, లక్పతి గురించి నాలుగు మాటలు రాయించాలని తండావాళ్లు అనుకున్నారు. ఆ నాలుగు మాటలు పర్శరాములునే రాసిమ్మన్నారు. ఇన్నాళ్లూ ఊరూరా అడిగి తిరిగింది ఆయనే కదా. ఆయన పుట్టిన తండా రాశాడు, తండ్రి పేరు రాశాడు, పటాలం, యుద్ధం రాశాడు. పెళ్లి దగ్గర ఆగిపోయాడు. అయిందని రాస్తే బతికున్న మనిషిని బజారుకు ఈడ్చినట్టు. కాలేదని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

పని ఏ రోజు మొదలవుతుందో తెలిశాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆమెకు చెప్పాలా వద్దా. చలికాలం వరకు ఆమె రాదు, వచ్చేసరికి రాయి ఉండదు. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో అని ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి నాగిరెడ్డిపేట బస్సు కండక్టరుతో ఒక్క ముక్క పంపాడు. "తుల్సవ్వ మొక్కుకునే రాయి బేస్తారం నాడు జరుపుతున్నరని చెప్పు, గంతే." అంత చిన్న కబురు ఆయన సర్వీసులోనే ఎప్పుడూ పంపలేదు.

గురువారం పొద్దున ఎల్లారెడ్డిలో ఆమె నిలబడి ఉంది. ఈసారి చేతిలో గిన్నె లేదు.

బస్సు రాయి దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయి ఉంది. రాతిని పక్కన పడుకోబెట్టారు. జేసీబీ తొండానికి తగిలి పైకొచ్చిన పెట్టె మట్టిలో విడిపోయి ఉంది. ఇనుము అంతా తుప్పు. లోపల బట్టలు చీకిపోయి నల్లటి ముద్దయ్యాయి. వాటి మధ్య టార్చిలైటు డొల్ల ఒకటి, చిన్న చిన్న అద్దాలు, గవ్వలు. గుడ్డ పోయినా అవి ఒక్కచోటే ఉన్నాయి. తండావాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఏం చేయాలో చెప్పే పెద్దమనుషులు ఇప్పుడు లేరు. భీమ్‌సింగే పెద్ద.

తుల్సి బస్సు దిగింది. ఆమెను చూడనట్టు తప్పుకోవడం అలవాటైన జనం అలవాటుగానే పక్కకు జరిగారు. భీమ్‌సింగ్ జరగలేదు. నెత్తి రుమాలు తీసి చేత్తో పట్టుకుని, అందరి ముందు, వాళ్ల భాషలో అడిగాడు. ఆ భాష పర్శరాములుకు ఇన్నేళ్లలో అంతో ఇంతో పట్టుబడింది.

"వదినె. పూడ్సాలెనా, కాల్చాలెనా?"

జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. పర్శరాములు బస్సు మెట్టు మీదే నిలబడ్డాడు. ఆమె కొడుకులు, మనవలు, నాగిరెడ్డిపేట దిక్కు బస్సులు, తన మాట, భీమ్‌సింగ్ దండం, అన్నీ ఆయన కళ్లముందు తిరిగాయి. పూడ్చమంటే ఎవరికీ ఏమీ కాదు.

తుల్సి వంగి ఒక అద్దం ముక్క తీసి మట్టి తుడిచింది. మళ్లీ దాని చోట దాన్ని పెట్టింది.

"మీ బాపు నాకు మేలు చేసిండు. ఆయన ఏడున్నా చల్లగుండాలె. కానీ అందరు మీ అన్నను పాపం అంటున్నరు, సుఖపడలే అంటున్నరు. గది నేనింక ఇనలేను. ఆయన సుఖపడ్డడు. పెండ్లైనోడు. కాల్చు."

కట్టెలు తెచ్చారు. భీమ్‌సింగ్ నిప్పు పెట్టాడు. లింబాద్రి బస్సు ఇంజన్ ఆపి, కిందికి దిగి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. టైం అయిందని ఎవరో గొణిగితే పర్శరాములు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. తుల్సి ఏడ్చింది. గొంతెత్తి, వాళ్ల ఆడవాళ్లు ఏడ్చే తీరున, నలభై ఏళ్ల కింద ఏడవనివ్వని ఏడుపు ఏడ్చింది. తండా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమెను పట్టుకుని తామూ ఏడ్చారు. పర్శరాములుకు కూడా కళ్ల నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో ఆమె ముందు సీటులో కూర్చుంది. పర్శరాములు పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"గద్దె మీద ఏం రాయాలె అవ్వా?"

"పెండ్లైందని రాయి."

"నీ పేరో?"

ఆమె జవాబు చెప్పేలోపల వెనక సీటులోంచి ఒకామె ముందుకు వంగింది. నాగిరెడ్డిపేట ఆమె, తుల్సి తండాకు పాల కోసం పోయే మనిషి. తుల్సి ఎర్రబడ్డ కళ్లు చూసి, "ఎవలు పోయిండ్రు తుల్సవ్వా?" అంది.

"నా పెనిమిటి."

"దేవీసింగ్ బాపు పోయి మస్తు దినాలాయె గద."

"ఆయన గాదు. మొదటాయన."

వెనకామె సీటు అంచుకు జరిగింది. ఈ మాట రేపటి పాలవేళకు తుల్సి కొడుకుల ఇంటికి చేరుతుంది. ఆమెకు అది తెలియక కాదు.

"మొదటాయన ఎన్నడు పోయిండు?"

"బంగ్లాదేశ్ లడాయిల పోయిండు. ఇయ్యాల కాల్చినం." తుల్సి పర్శరాములు వైపు తిరిగింది. "రాయి కొడుకా, నా పేరు సుత రాయి."

పర్శరాములు ఆమెకు ఎల్లారెడ్డికి టికెట్ కొట్టిచ్చి, విజిల్ ఊదాడు.